వరస తప్పిన మాట: హోసూరు, కృష్ణగిరి సీమలో ముదిమి మతికి ఒక చరిత్ర

మైసూరు పీఠభూమి అంచున, తమిళనాడు వాయవ్య మూలన ఉన్న హోసూరు, కృష్ణగిరి సీమ ఒకే ఏలుబడికీ ఒకే భాషకూ ఏనాడూ పూర్తిగా కట్టుబడినది కాదు. 1792లో టిప్పు సుల్తానుతో కుదిరిన శ్రీరంగపట్నం ఒప్పందంతో కృష్ణగిరి ఉన్న బారామహల్ ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. కనుమలకు ఎగువన హోసూరు, డెంకణికోట ఉన్న భాగం, అప్పటి రెవెన్యూ కాగితాల్లో బాలాఘాట్ అని పేరుపడినది, 1799లో టిప్పు పతనమయ్యాక వచ్చి చేరింది. రెండూ సేలం జిల్లాలో కలిసి, 1965లో ధర్మపురి జిల్లాలోకి, 2004లో కొత్తగా ఏర్పడిన కృష్ణగిరి జిల్లాలోకి మారాయి. కచేరీలు మారినా శూలగిరి, బాగలూరు, బేరికె, తళి, వేపనపల్లి ఊళ్ళలో తెలుగు, కన్నడం, తమిళం ఒకే వీధిలో పక్కపక్క గడపల్లో నిలిచే ఉన్నాయి.

ఇటువంటి సీమలో ఒక మనిషి ఇంట్లో తెలుగు, పొరుగువారితో కన్నడం, కచేరీలో తమిళం మాట్లాడడం బడిలో నేర్చిన విద్య కాదు. ఎదుట నిలబడ్డవారి ముఖం, కట్టు, వయసు చూసి, ఏ భాషలో, ఏ వరసతో, నువ్వనా మీరనా పలకరించాలో రెప్పపాటులో తేల్చుకోవడం చిన్ననాటి నుంచీ ఒంటపట్టిన నేర్పు. మనోవైద్యులు సామాజిక అవగాహన అని పిలిచేది ఈ నేర్పునే: ఎదుటివారి మనసులో ఏముందో ఊహించడం, ఆ ఊహకు తగినట్టు తన మాటను, నడతను, భావాన్ని దిద్దుకోవడం. ముదిమిలో మతి క్రమంగా చెడే జబ్బు డిమెన్షియా. తెలుగు పత్రికలు దాన్నే చిత్తవైకల్యం అని రాస్తాయి. ఆ జబ్బు ఈ నేర్పును ఎలా తినివేస్తుందో, ఆ మార్పును ఈ సీమ జనమూ చట్టమూ వైద్యమూ వేర్వేరు కాలాల్లో ఏ కంటితో చూశాయో పరిశీలిస్తే ఒక్క సంగతి పదేపదే కనబడుతుంది. మరపును అందరూ ఏదో ఒకనాటికి జబ్బుగా ఒప్పుకున్నారు. మర్యాద తప్పడాన్ని మాత్రం చాలాకాలం గుణదోషంగానే లెక్కగట్టారు.

మాటల్లో నిలిచిన చరిత్ర

ఈ సీమలో ముదిమి మతి గురించి రాతలో దొరికే ఆధారాల కన్నా నాలుకల మీద నిలిచిన మాటలు ఎక్కువ. తెలుగు మఱపు, కన్నడ మరెవు, తమిళ మఱది మూడూ ఒకే ద్రావిడ ధాతువు నుంచి వచ్చినవి కాబట్టి, మరచిపోవడం విషయంలో మూడు ఇళ్ళవాళ్ళూ ఒకే మాటను మూడు యాసల్లో పలుకుతున్నట్టే లెక్క. నడత మారడం దగ్గరికి వచ్చేసరికి మాటలు వేరవుతాయి. కన్నడంలో అరవై ఏళ్ళకు అరళు మరళు అనే సామెత ఉంది. అరవై నిండినవారి మాటా చేతా తికమకపడడం వయసుతో వచ్చే మామూలు సంగతేనని దాని భావం. తెలుగువారు దీనికి వాడే మాట చాదస్తం. ఛందస్సు అంటే వేదం, ఛాందసుడు అంటే వేదాన్ని అక్షరం పొల్లుపోకుండా వల్లించేవాడు. లోకం పోకడ పట్టక, చెప్పిందే చెబుతూ, పట్టిన పట్టు విడవని తీరుకు ఆ పేరు అంటుకుని, చివరకు ముసలివారి మొండితనానికి, పదేపదే ఒకే మాట అడగడానికి, అనవసరమైన పట్టింపుకు గుర్తుగా మిగిలింది.

ఈ మాటలో మంచీ ఉంది, చెడూ ఉంది. చాదస్తం అన్న ఇంట్లో ముసలివారిని దండించే ఆలోచన రాదు. వయసు మీద నెట్టేసి నవ్వుకుని సర్దుకుపోతారు. అయితే ఆ సర్దుబాటే జబ్బును కప్పిపెడుతుంది. మితంగా మాట్లాడే మనిషి డెబ్భయ్యో ఏట కొత్తగా బూతులు మొదలుపెడితే, ఎవరికీ పైసా ఎగవేయని మనిషి పొరుగువారి దొడ్లో కాయలు కోసుకొస్తే, అది చాదస్తమనే సంచిలో పట్టదు. అప్పుడు బయటికి వచ్చే మాటలు కఠినంగా ఉంటాయి: బుద్ధి చెడింది, సిగ్గు వదిలేశాడు, వావివరసలు లేకుండా పోయాయి. వయసుకు మన్నింపు, నడతకు నింద అనే ఈ రెండు గిన్నెల తక్కెడలోనే ముదిమి మతి చాలాకాలం తూగింది.

పాత వైద్యశాస్త్రం ఈ విషయంలో జనం మాట కన్నా ఒక అడుగు ముందే ఉంది. చరక సంహిత నిదానస్థానంలో ఉన్మాదాన్ని నిర్వచించిన చోట, మనసు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానం, స్మృతి, భక్తి, శీలం, చేష్ట, ఆచారం అనే ఎనిమిది చెదిరిపోవడాన్ని ఉన్మాదమని చెప్పారు. సంజ్ఞాజ్ఞానమంటే చుట్టూ ఉన్నదాన్ని గుర్తెరగడం; ఇక్కడి భక్తి దైవభక్తి కాదు, మనిషికి ఉండే ఇష్టాయిష్టాలు. ఎనిమిదింటిలో జ్ఞాపకశక్తికి దక్కింది ఒక్క స్థానమే కాగా, చివరి నాలుగూ మనిషి ఇష్టం, స్వభావం, కదలిక, నడతలకు సంబంధించినవి. ఉన్మాదం, డిమెన్షియా ఒకటే అనడం సరికాదు; కానీ నడత చెదరడం కూడా వ్యాధి లక్షణమేనన్న ఎరుక ఆ జాబితాలో స్పష్టంగా ఉంది. ఆ ఎరుక గ్రంథంలో నిలిచింది గానీ ఊళ్ళోకి దిగలేదు. ఊళ్ళో మతి తిరిగినవారిని గాలి సోకిందని, చేతబడి జరిగిందని అనుకుని షోళింగపురం కొండ మీది నరసింహస్వామి, ఆంజనేయస్వామి సన్నిధికి తీసుకుపోవడమే ఉత్తర తమిళనాటి తెలుగువారికీ తమిళులకూ బాగా తెలిసిన దారి.

అరుగు మీద దాగిన జబ్బు

పాత సేద్యపు కుటుంబంలో ముసలివారికి దక్కిన చోటు అరుగు. రాగులు ఎండబోసిన చోట కోళ్ళను తోలడం, వచ్చేపోయేవారిని పలకరించడం, మనవళ్ళను కనిపెట్టుకోవడం వంటి పనులకు కొత్తగా ఆలోచించాల్సిన అవసరం తక్కువ. అలవాటైన మాటలు, అలవాటైన వరసలు మనిషిని మోసుకుపోతాయి. ఏ ఊరు, ఎవరి పిల్లవాడివి, వానలు పడ్డాయా అనే మూడు ప్రశ్నలతో ఒక పూట గడిచిపోయే చోట, మతి సగం కరిగినా పైకి తెలియకుండా ఏళ్ళు గడుస్తాయి. ఇప్పటి వైద్యులు చెప్పే ముఖ్యమైన సంగతి ఒకటి ఇక్కడే ఉంది: డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ జబ్బులో, కనీసం తొలి దశల్లో, మర్యాద మాటలు, పలకరింపు, చిరునవ్వు చాలావరకు నిలిచే ఉంటాయి. మనవడి పేరు మరచిన అవ్వ కూడా వచ్చినవారిని కూర్చోమని, అన్నం తిని పొమ్మని అంటుంది. ఆ మాటలు దాచేసిన మరపును ఇంటివాళ్ళు ఆలస్యంగా గుర్తిస్తారు.

జబ్బు నిజంగా బయటపడేది అలవాటు చాలని చోట. చావు ఇంటికి పరామర్శకు వెళ్ళడం అటువంటి సందర్భం. తెలుగువారి ఇళ్ళలో మామూలుగా సెలవు తీసుకునేటప్పుడు పోతాను అనరాదు, పోయొస్తాను అనాలి. చావు ఇంట్లో మాత్రం పోయొస్తానని చెప్పకుండానే లేచి రావాలి. ఎక్కడ ఏ మాట అనాలో, ఎక్కడ అదే మాట మింగేయాలో తెలియాలంటే ఆ ఇంటివారి దుఃఖాన్ని తన మనసులోకి తెచ్చుకోగలగాలి. నుదుటి వెనుక ఉండే మెదడు భాగాలు దెబ్బతిన్న మనిషి అక్కడ కూర్చుని కాఫీ ఇంకా రాలేదేమని అడగవచ్చు, పోయినవాడి అప్పు సంగతి ఎత్తవచ్చు, పెద్దగా నవ్వవచ్చు, వెళ్తూ వెళ్తూ మళ్ళీ వస్తానని నొక్కి చెప్పవచ్చు. ఆ మనిషికి తేదీ, ఊరు, మనవళ్ళ పేర్లు, బ్యాంకులో ఉన్న డబ్బు అన్నీ సక్రమంగా గుర్తుండవచ్చు. చూసినవాళ్ళు దాన్ని మతిమరుపు అని ఎలా అనుకుంటారు? గర్వమని, లెక్కలేనితనమని అనుకుంటారు. ఆ ఇంటితో రాకపోకలు తగ్గించుకుంటారు. ఈ జబ్బు మొదట తెంచేది మెదడులో కణాలనే అయినా, తెగినట్టు మొదట లోకానికి తెలిసేది చుట్టరికం.

చట్టం చూసిన మతి

వలస ప్రభుత్వానికి మతి చెడ్డ మనిషి రెండు విధాలుగా కనబడ్డాడు: ఆస్తి నిర్వహించలేనివాడుగా, వీధిలో అల్లరి చేసేవాడుగా. 1858లో వచ్చిన మూడు చట్టాలలో రెండు మతి స్థిమితం లేనివారి ఆస్తిపాస్తులపై న్యాయస్థానాల విచారణకు, మూడవది పిచ్చాసుపత్రులకు సంబంధించినవి. మద్రాసు రాజధానికి మద్రాసు, విశాఖపట్నం, కాలికట్‌లలో ఇటువంటి ఆసుపత్రులు ఉండగా, మద్రాసులో 1871లో కీల్పాక్ ప్రాంతాన తెరిచిన ఆశ్రయం తరువాత ప్రభుత్వ మానసిక వైద్యశాలగా పేరు మార్చుకుంది. సేలం జిల్లాకు చెందిన హోసూరు తాలూకా చట్టప్రకారం మద్రాసు పరిధిలోనిది. అయితే మద్రాసు 300 కిలోమీటర్ల దూరాన ఉంటే, మైసూరు సంస్థానపు బెంగళూరు 40 కిలోమీటర్లే. కాగితాలు ఒకవైపుకూ కాళ్ళు మరొకవైపుకూ పోయే ఈ సరిహద్దు జీవితం వైద్యం విషయంలోనూ అలాగే సాగింది.

ఆనాటి ఆసుపత్రుల పరిభాషలో డిమెన్షియా అనే మాట ఉండేది కానీ దాని అర్థం ఇప్పటిది కాదు. వయసుతో నిమిత్తం లేకుండా, ఏ రకం పిచ్చి అయినా ముదిరి, మనిషి మొద్దుబారి మిగిలిన చివరి స్థితిని ఆ పేరుతో పిలిచేవారు. 1912 నాటి భారత లూనసీ చట్టం కూడా ముదిమి మతికి వేరే గుర్తింపు ఇవ్వలేదు. ఎవరికీ హాని చేయక, ఆస్తి తగాదా లేక, ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలి మనిషి చట్టం కంట పడే అవసరమే లేదు. అందుకే ఈ సీమలో ముదిమి మతి చరిత్ర ఆసుపత్రి రికార్డుల్లో కన్నా కుటుంబాల మౌనంలో ఎక్కువగా ఉంది.

అసూయతో మొదలైన జబ్బు

సరిగ్గా ఆ కాలంలోనే ఐరోపాలో రెండు పరిశీలనలు జరిగాయి. 1892లో ప్రాగ్ నగర వైద్యుడు ఆర్నాల్డ్ పిక్, మాట దెబ్బతిన్న ఒక వృద్ధుడి మెదడులో కణతల పక్కనుండే టెంపోరల్ భాగం కుంచించుకుపోయినట్టు రాశాడు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరిన 51 ఏళ్ళ ఔగుస్టె డేటర్‌ను అలోయిస్ అల్జీమర్ పరీక్షించి, 1906లో ఆమె మరణించాక మెదడును సూక్ష్మదర్శినితో చూసి, 1907లో ఆ వివరాలు ప్రకటించాడు. 1910లో మనోవైద్యుడు క్రేపెలిన్ తన పాఠ్యగ్రంథంలో ఆ జబ్బుకు అల్జీమర్ పేరు పెట్టాడు. లోకం ఆ పేరును మరపుకు మారుపేరుగా చేసుకుంది. అయితే అల్జీమర్ రాసిన దాని ప్రకారం ఆమెలో తొలుత కనబడిన లక్షణం మరపు కాదు, భర్త మీద అసూయ. ఉద్వేగంతో మొదలైన జబ్బు జ్ఞాపకశక్తి పేరుతో ప్రసిద్ధికెక్కడం వైద్యచరిత్రలో ఒక వింత.

పిక్ చూసిన జాతి జబ్బులను విడదీసి పేరు పెట్టడానికి దాదాపు నూరేళ్ళు పట్టింది. మెదడు ముందు, పక్క భాగాలు క్షీణించడం వల్ల వచ్చే ఈ వర్గాన్ని ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అంటారు. స్వీడన్‌లోని లుండ్, ఇంగ్లండులోని మాంచెస్టర్ వైద్యులు 1994లో దాని గుర్తులను ఒకచోట కూర్చారు. అందులో నడత ప్రధానంగా దెబ్బతినే రకానికి 2011లో ఖరారైన అంతర్జాతీయ ప్రమాణాలు ఆరు లక్షణాలు చెబుతాయి: అదుపు తప్పిన ప్రవర్తన, దేనిమీదా ఆసక్తి లేని ఉదాసీనత, ఎదుటివారి పట్ల సానుభూతి తగ్గడం, చేసిందే చేయడం, తిండి అలవాట్లు మారి తీపి మీదికి పోవడం, జ్ఞాపకశక్తి కొంత మేలుగా ఉండగానే పనులను అనుకుని నడిపే శక్తి సన్నగిల్లడం. ఆరింటిలో మూడు ఉంటే ఈ జబ్బు ఉండవచ్చునని అనుమానిస్తారు. అరవై అయిదేళ్ళ లోపే తరచుగా మొదలయ్యే జబ్బు కావడంతో, ఇది చాదస్తమనే మాటకు కూడా అందదు. యాభై అయిదేళ్ళ మనిషి నడత చెడితే తాగుడో, చెడు సావాసమో, మరో సంబంధమో కారణమని ఊరు తేల్చేస్తుంది.

ఈ మార్పుల వెనుక ఉన్న యంత్రాంగం ఇప్పుడు చాలావరకు తెలుసు. అల్జీమర్స్ సాధారణంగా కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్ పరిసరాల్లో మొదలవుతుంది. నడత చెడే రకం మాత్రం కళ్ళ పైభాగాన ఉండే ఫ్రంటల్ పొరల్లోనూ, ఒంటిలోని అలజడిని భావంగా మార్చే ఇన్సులాలోనూ, కుడి కణత వెనుక ముఖాలకూ వాటి భావాలకూ ముడివేసే భాగంలోనూ మొదలవుతుంది. ఆ భాగాలు క్షీణించినవారు ఎదుటి ముఖంలో సంతోషాన్ని కొంత గుర్తుపట్టినా కోపం, భయం, దుఃఖం, ఏవగింపు చదవలేరు. వెటకారాన్ని నిజమనుకుంటారు; ఎంత బాగా వండావమ్మా అని కోడలిని ఎత్తిపొడిస్తే అది మెచ్చుకోలు అనే నమ్ముతారు. తనకు తెలిసింది ఎదుటివారికి తెలియకపోవచ్చునన్న ఊహ, మనస్తత్వ శాస్త్రం పరమనోజ్ఞానంగా చెప్పేది, తగ్గిపోతుంది. అన్నిటికన్నా బాధాకరమైనది, తనలో మార్పు వచ్చిందని ఆ మనిషికే తెలియకపోవడం. భార్య ఏడుస్తుంటే పక్కనే కూర్చుని నిశ్చింతగా భోంచేసే మనిషిలో ప్రేమ చచ్చిపోయిందని అందరూ అనుకుంటారు గాని, ఏడుపును దుఃఖంగా చదివే పుట చినిగిపోయిందని ఎవరికీ తట్టదు.

అల్జీమర్స్ దారి వేరు. అక్కడ ఎదుటివారి ఉద్వేగం పట్టుకోవడం తగ్గకపోగా పెరుగుతుందని 2013లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపారు. ఇంట్లో ఒకరు గాభరాపడితే ఆ గాభరా కారణం తెలియకుండానే రోగికి అంటుకుంటుంది. జబ్బు ముదిరేకొద్దీ నగలు పోయాయని, కోడలే దాచిందని, ఇంట్లో ఉన్నది తన భర్త కాదని గట్టిగా నమ్మే భ్రమలు కొందరిలో వస్తాయి. పెట్టిన చోటు మరచినందున ఏర్పడిన ఖాళీని మనసు అనుమానంతో పూడ్చుకోవడమే దొంగతనపు భ్రమకు మూలం. అత్తాకోడళ్ళ తగవుగా ఊరు చెప్పుకునే కథలు కొన్నింటికి అడుగున ఈ జబ్బు ఉండి ఉండవచ్చు.

హోసూరు రోడ్డు మీది ఆసుపత్రి

ఈ సీమ వైద్యచరిత్రలో ముఖ్యమైన మలుపు బెంగళూరులో, హోసూరు పేరే పెట్టుకున్న రోడ్డు మీద జరిగింది. మైసూరు సంస్థానపు పిచ్చాసుపత్రిని 1925లో మెంటల్ హాస్పిటల్‌గా పేరు మార్చారు. దాని పక్కనే 1954లో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ ఏర్పడింది. రెండూ కలిసి 1974 డిసెంబరులో నిమ్హాన్స్, అంటే జాతీయ మానసిక ఆరోగ్య, నాడీశాస్త్రాల సంస్థ అయ్యాయి. హోసూరు రోడ్డు మీదనే ఉన్న ఈ ఆసుపత్రి చేతికి అందే దూరాన ఉండడంతో, రాష్ట్రం సరిహద్దు దాటి వెళ్ళే తెలుగు, తమిళ రోగులకు అది సొంత జిల్లా ఆసుపత్రి లాంటిదైంది. బన్నేరుఘట్ట దారిలోని సకలవారలో 1970ల నడుమ నిమ్హాన్స్ మొదలుపెట్టిన గ్రామీణ కేంద్రం, మానసిక వైద్యాన్ని గోడల నుంచి పల్లెకు తీసుకుపోవచ్చునని చూపింది. బళ్ళారి జిల్లాలో ఆ ప్రయోగం పెద్ద ఎత్తున సాగాక, 1996లో దేశవ్యాప్త జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే నమూనా అయింది.

డిమెన్షియా మీద ప్రత్యేకమైన చూపు దక్షిణాదిలో 1990లలో బలపడింది. 1992లో కేరళలోని కున్నంకుళంలో జాకబ్ రాయ్ నాయకత్వాన అల్జీమర్స్ రోగుల కుటుంబాల కోసం ఏఆర్‌డీఎస్ఐ సంఘం పుట్టింది. 1998లో కొచ్చిలో రూపుదిద్దుకున్న టెన్ బై సిక్స్‌టీసిక్స్ పరిశోధన బృందం, డిమెన్షియా రోగుల్లో 66 శాతం వర్ధమాన దేశాల్లోనే ఉండగా పరిశోధనలో 10 శాతం కూడా ఆ దేశాల మీద జరగడం లేదన్న లెక్కనే తన పేరుగా పెట్టుకుంది. చెన్నై, వేలూరు దాని అధ్యయన కేంద్రాల్లో ఉన్నాయి. అదే 1998లో మానవశాస్త్రవేత్త లారెన్స్ కోహెన్, కాశీ వీధుల్లో ముదిమిని పరిశీలించి రాసిన గ్రంథంలో, అక్కడి కుటుంబాలు ముసలివారి మరపు కన్నా వారి కోపం గురించే ఎక్కువగా చెప్పుకుంటాయని గమనించాడు. ఇంటివారికి కనబడేది ఉద్వేగం, వైద్యుడు వెతికేది జ్ఞాపకం అనే ఈ తేడా హోసూరుకూ కాశీకీ ఒకటే. 2023లో ప్రచురితమైన జాతీయ అధ్యయనం, అరవై ఏళ్ళు దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది.

మూడు భాషల సీమకు నేరుగా తగిలే పరిశోధన హైదరాబాదులో జరిగింది. నిమ్స్ ఆసుపత్రి మెమరీ క్లినిక్‌లో చూపించుకున్న 648 మంది డిమెన్షియా రోగుల వివరాలను సువర్ణ అల్లాడి బృందం పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని 2013లో న్యూరాలజీ పత్రికలో ప్రకటించింది. అంతకుముందు కెనడాలో వచ్చిన ఇటువంటి ఫలితాలను చదువు, వలస అనే కారణాలు కలగాపులగం చేశాయి. హైదరాబాదులో తెలుగు, దక్కనీ ఉర్దూ మాట్లాడేవారు వలస వచ్చినవారు కారు, చదువు రానివారిలోనూ తేడా కనబడింది. 2017లో అదే వరుసలో 193 మంది ఫ్రాంటోటెంపోరల్ రోగులను చూసినప్పుడు, నడత చెడే రకంలో రెండు భాషలవారికి 5.7 ఏళ్ళ ఆలస్యం కనబడగా, మాట దెబ్బతినే రకాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఏ సందర్భానికి ఏ భాష అని నిత్యం ఎంచుకుంటూ, రెండవదాన్ని నాలుక చివర ఆపి ఉంచే సాధన, నడతను అదుపు చేసే మెదడు భాగాలకే బలమిస్తుందన్న వివరణకు ఈ తేడా ఊతమిస్తుంది. ఆసుపత్రికి వచ్చినవారి మీద జరిగిన అధ్యయనాలివి కాబట్టి భాషే కారణమని ఖాయంగా తేల్చలేము. పైగా రెండు భాషల కన్నా ఎక్కువ వచ్చినవారికి అదనపు మేలు 2013 అధ్యయనంలో కనబడలేదు. మూడు భాషల హోసూరు రెండు భాషల హైదరాబాదు కన్నా గొప్ప రక్షణ పొందిందని గర్వించడానికి ఆధారం లేదు; అయితే ఈ సీమ జనం సంతలో చేసే పని మెదడుకు వ్యాయామమేనన్న మాటకు మాత్రం బలం ఉంది.

ఆ రక్షణ జబ్బును ఆపదు, వాయిదా వేస్తుంది. జబ్బు ముదిరాక ఎదుటివారిని బట్టి భాష మార్చే శక్తి కూడా పోవచ్చు. తెలుగు రాని నర్సుతో తెలుగులోనే మాట్లాడడం, కొడుకుతో ఉన్నట్టుండి కచేరీ తమిళంలోకి దిగడం అటువంటివే. చాలామంది చివరకు తొలి భాషలోకి తిరిగి వెళ్తారు. తమిళనాట 2006లో వచ్చిన తమిళ బోధన చట్టంతో బడిలో తమిళం దశలవారీగా తప్పనిసరి కావడం వల్ల ఈ సీమ తెలుగు పిల్లలు రాత తమిళంలో, మాట తెలుగులో పెరిగారు. తెలుగులోకి ముడుచుకుపోతున్న అవ్వకు, తెలుగులో కొన్ని మాటలే మిగిలిన మనవడికి నడుమ ఏర్పడే మౌనంలో ఎంత జబ్బో, ఎంత చరిత్రో విడదీయడం కష్టం. మతిని కొలిచే పరీక్షలకూ ఇదే చిక్కు. భారత వైద్య పరిశోధన మండలి తెలుగు, కన్నడాలతో సహా పలు భాషల్లో పరీక్షల సంపుటి తయారుచేయించడం మంచి అడుగు. అయితే మాటల పట్టికను తర్జుమా చేయవచ్చు గాని మర్యాదను తర్జుమా చేయలేము. పెద్దవారి ముందు కాలు మీద కాలు వేసుకోవడం తప్పా కాదా అన్న ప్రశ్నకు లండన్‌లో ఒక జవాబు, డెంకణికోటలో మరొకటి.

అరుగు పోయిన తరువాత

1970ల నుంచి సిప్‌కాట్ పారిశ్రామిక వాడ, ఆ తరువాత అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ కర్మాగారాలు హోసూరును మార్చేశాయి; 2019లో ఊరు నగరపాలక సంస్థ అయింది. షిఫ్టు పనికి పోయే కొడుకు, కోడలు, అపార్ట్‌మెంటులో తాళం వేసిన తలుపు వెనుక ఒంటరి తండ్రి అనే కొత్త ఏర్పాటులో అరుగు లేదు, ముసలి మనిషిని మోసే అలవాటు మాటలూ లేవు. లిఫ్టు మీటలు, తెలియని పొరుగువారు, ఫోనులో అడిగే అంకెలు రోజూ కొత్త పరీక్షలే. డిమెన్షియా ఈ కాలంలోనే పెరిగినట్టు తోచడానికి ఆయుష్షు పెరగడం ప్రధాన కారణమైతే, దాన్ని దాచిన అరుగు పోవడం మరో కారణం.

వయసు మీరడమే మతి చెడడం కాదని చెప్పడానికి ఈ సీమకు సొంత సాక్ష్యమే ఉంది. హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878లో పుట్టిన చక్రవర్తి రాజగోపాలాచారి 1959లో, ఎనభై ఏళ్ళు నిండాక, స్వతంత్ర పార్టీని స్థాపించారు. ముదిమిలో నడత చెదిరితే అది వయసు ధర్మమని వదిలేయకుండా వైద్యుడికి చూపించాలనడానికి ఇంతకు మించిన వాదం అక్కరలేదు. థైరాయిడ్ లోపం, బి12 లోపం, దిగులు జబ్బు, కొన్ని మందులు కూడా ఇటువంటి మార్పులే తెస్తాయి; వాటిని సరిదిద్దవచ్చు.

చట్టమూ కొంత మారింది. 2001 ఆగస్టులో ఏర్వాడిలో గొలుసులతో కట్టి ఉంచిన 28 మంది మానసిక రోగులు అగ్నిప్రమాదంలో మరణించడం తమిళనాడుకు మాయని మచ్చ. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆలోచన, భావం, జ్ఞాపకాలతో పాటు నడతను, వివేచనను తీవ్రంగా దెబ్బతీసే రుగ్మతలను తన నిర్వచనంలో చేర్చింది. మతి నిలకడగా ఉన్నప్పుడే, ముందు ముందు తనకు ఎటువంటి వైద్యం కావాలో రాసిపెట్టుకునే హక్కును, తన తరఫున నిర్ణయించే ప్రతినిధిని ఎంచుకునే హక్కును ఇచ్చింది. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలోనే తమిళనాడు ప్రభుత్వం ఇంటి ముంగిటికే వైద్యం తెచ్చే మక్కళై తేడి మరుత్తువం పథకాన్ని ప్రారంభించింది. 2022 జనవరిలో కృష్ణగిరికి ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. ఇంటి ముంగిటి వైద్య పథకం ముఖ్యంగా చూసే రక్తపోటు, మధుమేహం రెండూ డిమెన్షియా ముప్పును పెంచేవే కాబట్టి, నెలనెలా మాత్రలు తెచ్చే ఆరోగ్య కార్యకర్త తెలియకుండానే మతిని కూడా కాపాడుతున్నట్టు లెక్క. ఆ కార్యకర్త మరో ప్రశ్న నేర్చుకుంటే మేలు. పెద్దాయన మరచిపోతున్నారా అని అడగడంతో ఆగకుండా, పెద్దాయన మనిషి మారారా అని కూడా అడగాలి.

ఇక ఇంటివారికి మిగిలేది ఒక శాస్త్రీయ సత్యం. 2014లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు అల్జీమర్స్ రోగులకు దుఃఖం, సంతోషం కలిగించే సినిమా దృశ్యాలు చూపినప్పుడు, దృశ్యాలను కొద్దిసేపట్లోనే మరచిన రోగుల్లోనూ ఆ దృశ్యాలు రేపిన భావం అలాగే నిలిచి ఉంది. కసురుకున్న మాట గుర్తుండకపోవచ్చు, కసురుకున్నందువల్ల కలిగిన దిగులు మాత్రం మిగులుతుంది. పక్కన కూర్చుని తెలుగులో నాలుగు మాటలు మాట్లాడిన మనవడి పేరు గుర్తుండకపోవచ్చు, ఆ మాటల వల్ల కలిగిన నెమ్మది మాత్రం మిగులుతుంది. వరస తప్పింది జబ్బు వల్లనని తెలిసిన తరువాత కూడా దాన్ని నేరంగా లెక్కగడితే, ఆ తప్పు ముసలివారిది కాదు. వారు మరచిన వరసను మతి ఉన్నవారే కలిపి పిలవాలి.